పుర్రచేతివాళ్లు తీగవాద్యం నేర్చుకోవాలంటే: విశాఖలో ఉండి ఎలా మొదలుపెట్టాలి

పదకొండేళ్ల కిందట డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకి వెళ్లి గిటార్ చేతిలోకి తీసుకోగానే కౌంటర్ దగ్గరి అబ్బాయి నవ్వేశాడు. "సార్, తిరగేసి పట్టుకున్నారు" అన్నాడు. నా చేతికి అదే సరైన వైపు. కానీ సిగ్గుపడి మార్చి పట్టుకున్నాను, కుడిచేతి గిటారే కొన్నాను. పద్నాలుగు నెలలు దానితో కుస్తీ పట్టి, చివరికి ఎడమచేతి గిటార్ తెప్పించుకుని మళ్లీ అ ఆ ల నుంచి మొదలుపెట్టాను.

మా అమ్మాయిది కూడా పుర్రచెయ్యే. దాన్ని మాత్రం వీణ కుడిచేత్తోనే నేర్చుకోమన్నాను. "నీకో న్యాయం, దానికో న్యాయమా?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. నా జవాబు ఒకటే. ఏ వైపు పట్టుకోవాలన్నది మన చెయ్యి ఒక్కటే తేల్చదు. ఆ వాద్యం లోపల ఎలా కట్టారో, దాన్ని మనకి ఎవరు నేర్పుతారో కూడా చూడాలి. ఈ మూడూ చూసుకుని ఒక్కసారి నిర్ణయించుకుంటే, నాలాగా పద్నాలుగు నెలలు పోగొట్టుకోనక్కర్లేదు.

మొదటి మెట్టు: తాళం ఏ చేతిలో ఉందో చూసుకోండి

అన్నం తినే చెయ్యి, రాసే చెయ్యి చూసి నిర్ణయించకండి. మన ఇళ్లలో ఆ రెండూ చిన్నప్పుడే బలవంతంగా మార్చేసి ఉంటారు. నేను కుడిచేత్తో తింటాను, ఎడమచేత్తో రాస్తాను, బంతి ఎడమచేత్తో విసురుతాను. ఇందులో ఏది నమ్మాలి?

ఇంట్లో ఎవరూ చూడనప్పుడు ఒక షటిల్ బ్యాట్ తీసుకుని, ఫోన్‌లో హుషారైన పాట పెట్టి, బ్యాట్‌నే గిటార్ అనుకుని వాయించండి. ఏ చెయ్యి తీగలు మీటడానికి వెళ్లిందో గమనించండి. తర్వాత కావాలని వైపు మార్చి అదే పాటకి మళ్లీ వాయించండి. రెండోసారి చెయ్యి లయ తప్పి తడబడితే మీ వాటం గట్టిదే. రెండు వైపులా ఇంచుమించు ఒకేలా అనిపిస్తే మీరు అదృష్టవంతులు, కుడిచేతి వాద్యం తీసుకోండి, ఇక ఆలోచించకండి. మరో పరీక్ష: కూర్చుని తొడ మీద ఆదితాళం వేయండి, ఎనిమిది అక్షరాలు, పది ఆవర్తాలు. ముందు ఒక చేత్తో, తర్వాత రెండో చేత్తో. ఏ చెయ్యి ముందుగా పరుగు తీస్తుందో, ఏది నిలకడగా ఉంటుందో తెలిసిపోతుంది.

ఈ పరీక్ష ఒక్కరోజుతో వదిలేయకుండా వారంలో మూడుసార్లు చేయండి. మొదటిరోజు మనకి మనమే యాక్టింగ్ చేస్తాం.

"తీగల మీద వేళ్లు పెట్టే పని కష్టం కదా, పుర్రచేతివాళ్లకి ఆ పని ఎడమచేతికే వస్తుంది, కుడిచేతి గిటార్ మీకే లాభం" అని చాలామంది చెబుతారు. సగం నిజం. మొదటి రెండు నెలలు వేళ్లే కష్టం. ఆ తర్వాత మిగిలేది లయ. నా వేళ్లు తీగల మీద చక్కగానే కూర్చునేవి, కానీ మీటే కుడిచెయ్యి మాత్రం ఎప్పుడూ అర అక్షరం వెనక. పాట పాడేవాళ్లు నాకోసం ఆగాల్సి వచ్చేది.

రెండో మెట్టు: ముందున్న నాలుగు దారులు

కుడిచేతి వాద్యాన్ని కుడిచేతివాళ్లలాగే వాయించడం ఒకటి. గిటారిస్టు మార్క్ నాప్‌ఫ్లర్ పుర్రచేతివాడే, గిటార్ మాత్రం కుడిచేతివాళ్లలాగే పట్టుకుంటాడు. ఎడమచేతికోసమే తయారుచేసిన వాద్యం కొనడం రెండోది. కుడిచేతి వాద్యాన్ని తిరగేసి, తీగల వరస కూడా మార్చి వాయించడం మూడోది. జిమీ హెండ్రిక్స్ స్ట్రాటోకాస్టర్ అనే కుడిచేతి ఎలక్ట్రిక్ గిటార్‌ని అలాగే వాడేవాడు. నాలుగోది, తీగలు మార్చకుండా వాద్యాన్ని ఉన్నదున్నట్టు తలకిందులు చేసి వాయించడం. ఆల్బర్ట్ కింగ్ అలాగే వాయించాడు. ఎలిజబెత్ కాటన్ కూడా అంతే, మందపు తీగలు వేళ్లతో, సన్నతీగల మీద పాట బొటనవేలితో.

నాలుగో దారి వినడానికి గొప్పగా ఉంటుంది కానీ కొత్తవాళ్లకి నేను చెప్పను. ఏ పుస్తకం, ఏ మాస్టారు, ఏ వీడియో మీకు పనికిరాదు. అన్నీ మీరే కనిపెట్టుకోవాలి. ఒక్క సౌకర్యం మాత్రం ఉంది. ఎవరింటికెళ్లినా అక్కడున్న గిటార్ తీసి వాయించేయొచ్చు. ఎడమచేతి గిటార్ వాయించే నేను పెళ్లిళ్లలో, పిక్నిక్‌లలో ఎవరి గిటారూ ముట్టుకోలేను.

మూడో మెట్టు: ఏ వాద్యానికి ఏ దారి

ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే.

చిన్న గిటార్‌లా ఉండే ఉకులేలే అన్నిటికంటే తేలిక. నాలుగే నైలాన్ తీగలు, వరస జి, సి, ఇ, ఎ. ఇందులో జి, ఎ తీగలు రెండూ సన్నవే, ఇంచుమించు ఒకే మందం. అందుకని తిరగేసినప్పుడు నిజంగా చోటు మారేవి మధ్యనున్న సి, ఇ తీగలే. సి తీగ అన్నిటికంటే మందం కాబట్టి నట్ (వాద్యం తల దగ్గర తీగలు కూర్చునే గాడుల పుల్ల) మీద దాని గాడి కాస్త వెడల్పు చేయాలి, అంతే. పదేళ్లలోపు పుర్రచేతి పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే.

నైలాన్ తీగల గిటార్, అంటే క్లాసికల్ గిటార్, దాని తర్వాత. దాని పొట్ట మీద తీగలు బిగించే చెక్కని బ్రిడ్జి అంటారు. దాని మీద తీగలు ఆనే తెల్లటి పుల్ల, సాడిల్ అంటారు, సాధారణంగా తిన్నగా అడ్డంగా ఉంటుంది. తిరగేసినా శ్రుతి పెద్దగా చెడదు. నట్ మార్పిస్తే చాలు.

స్టీల్ తీగల గిటార్ దగ్గర మోసపోతాం. జాగ్రత్తగా చూస్తే దాని సాడిల్ ఏటవాలుగా ఉంటుంది. మందపు తీగ నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ పెరుగుతుంది, అందుకని దానికి పొడవు కాస్త ఎక్కువిచ్చి సరిచేస్తారు. గిటార్ తిరగేస్తే ఆ ఏటవాలు కూడా తిరగబడుతుంది, మందపు తీగ పొడవు తక్కువున్న వైపుకి వస్తుంది. మెడ మొదట్లో నొక్కినప్పుడు బాగానే వినిపిస్తుంది, పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి. పైగా లోపల చెక్కపలకకి అతికించిన బద్దలు కూడా రెండు వైపులా ఒకేలా ఉండవు. నేను వెళ్లిన ఇంకో షాపులో కుడిచేతి స్టీల్ గిటార్‌కే తీగలు తిరగేసి బిగించి "ఇది లెఫ్ట్ హ్యాండ్ మోడలే సార్" అని అమ్మబోయారు. పికప్ సాకెట్, పట్టీ తగిలించే మొల, మెడ పక్కన ఉండే చుక్కలు అన్నీ నా కంటికి కనబడని వైపున ఉన్నాయి. అప్పటికి నాకు తెలిసింది కాబట్టి బతికిపోయాను. స్టీల్ తీగలే కావాలంటే ఎడమచేతికోసం కట్టిన గిటారే కొనండి.

ఎలక్ట్రిక్ గిటార్ ఈ విషయంలో మంచిది. చాలావాటికి బ్రిడ్జి మీద ఒక్కో తీగకి ఒక్కో స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి తీగ పొడవు సరిచేసుకోవచ్చు. తిరగేస్తే నాబ్‌లు మోచేతికి తగులుతాయి, అంతవరకే ఇబ్బంది.

మాండలిన్ అంటే మనకి పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గుర్తొస్తారు. గుండ్రటి పొట్టతో ఉండే మామూలు మాండలిన్‌లో బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. తీగలు వదులు చేసి దాన్ని అటుదిటు తిప్పి పెట్టేయొచ్చు. నట్ మాత్రం కొత్తది కావాలి.

వయొలిన్ దగ్గర నా మాట మారుతుంది. దాని పొట్టలో మందపు తీగల వైపు పొడవాటి బద్ద ఒకటి, సన్నతీగ వైపు నిలువుగా చిన్న కర్ర ఒకటి ఉంటాయి. తీగలు తిరగేసి ఊరుకుంటే ఆ రెండూ తప్పు వైపున పడి నాదం పూడుకుపోతుంది. చార్లీ చాప్లిన్ పుర్రచేతివాడు, తన వయొలిన్‌లో ఆ రెండిటినీ కూడా తారుమారు చేయించుకుని వాయించేవాడు. ఆయనకి కుదిరింది. మనకి? ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన విజయనగరం సంగీత కళాశాల మనకి గంటన్నర దూరం. 1919లో మొదలైన ఆ కళాశాల వల్ల ఉత్తరాంధ్రలో వయొలిన్‌కి కొరత లేదు. కానీ ఆ బాణీలో నేర్చుకున్న మాస్టార్ల కన్ను, చెయ్యి అన్నీ కుడివాటానికి అలవాటుపడ్డాయి. కమాను పట్టు తప్పితే చెయ్యి పట్టుకుని సరిచేస్తారు, ఆ స్పర్శలోనే సగం విద్య. అది పోగొట్టుకోవద్దు. పైగా రెండు చేతులకీ సమానంగా పని ఉన్న వాద్యం ఇది. కుడిచేత్తోనే నేర్చుకోండి.

వీణ విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. వీణలో నాలుగు వాయించే తీగలు, పక్కన మూడు తాళపు తీగలు. ఆ మూడూ మీటేది చిటికెనవేలు. ఎడమచేతికి కావాలంటే తాళపు తీగలు, బిరడలు, బ్రిడ్జి పక్కభాగం అన్నీ అవతలి వైపుకి మార్చి మొత్తం కొత్తగా కట్టించాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసే కుటుంబాలున్నాయి, ఒకే దుంగలో తొలిచిన ఏకాండి వీణలకి ఆ ఊరు పేరుపొందింది. విశాఖ నుంచి రైల్లో వెళ్లి అడిగి కట్టించుకోవచ్చు, అసాధ్యమేం కాదు. కానీ కర్ణాటక సంగీతంలో ప్రాణం గమకంలో ఉంది. వీణ మీద గమకం పలికించేది మెట్టు మీద తీగని పక్కకి లాగే ఎడమచెయ్యి. పుర్రచేతి పిల్లకి బలమైన చెయ్యి సరిగ్గా అక్కడే పడుతుంది. మా అమ్మాయిని కుడివైపే నేర్చుకోమన్నది అందుకే. మీటు మొదట్లో బలహీనంగా ఉండేది, రెండో ఏడాదికి సర్దుకుంది.

నాలుగో మెట్టు: కొనేటప్పుడు

జగదాంబ, డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు షాపుల్లో ఎడమచేతి గిటార్ చేతికి దొరికితే ఆశ్చర్యమే. తెప్పించమని అడగాలి, లేదా ఆన్‌లైన్‌లో కొనాలి. షాపువాళ్లు తెప్పిస్తామంటే ముందే మొత్తం డబ్బు కట్టకండి. వచ్చాక ఈ నాలుగూ చూసి మిగతాది కట్టండి.

గిటార్‌ని వాయించే విధంగా, మెడ మీ కుడివైపుకి వచ్చేలా పట్టుకోండి. మందపు తీగ మీ మొహానికి దగ్గరగా, పైన ఉండాలి. మెడ పక్కన చుక్కలు మీ కంటికి కనబడాలి. సాడిల్ ఏటవాలులో మందపు తీగ కొస మెడకి దూరంగా జరిగి ఉండాలి. బొటనవేలి గోరు నట్ గాడుల్లో పెట్టి చూడండి, మందపు తీగ గాడిలో తీగ పైకి తేలకుండా, సన్నతీగ తన గాడిలో అటూఇటూ ఊగకుండా ఉండాలి.

ఆన్‌లైన్‌లో అయితే బ్రిడ్జి ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. కొన్నిసార్లు కుడిచేతి గిటార్ ఫొటోనే అద్దంలోలా తిప్పి పెడతారు. గిటార్ తల మీద కంపెనీ పేరు తిరగబడి కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఐదో మెట్టు: ఉన్న నైలాన్ గిటార్‌ని మీరే తిప్పుకోవాలంటే

ఇంట్లో అన్నయ్య గిటారో, మావయ్య గిటారో పడి ఉంటే కొత్తది కొనేముందు ఇది చేసి చూడండి. ఒక సాయంత్రం పని.

తీగలన్నీ ఒక్కసారే కోసేయకండి. ముందు ఒక్కోటి వదులు చేస్తూ పోండి, మెడ మీద ఒత్తిడి నెమ్మదిగా తగ్గాలి. తీసిన తీగలకి కాగితం ముక్కలు చుట్టి నంబర్లు రాసుకోండి, ఒకటి సన్నది, ఆరు మందపుది. నిజానికి పాత తీగలు పొడవు చాలవు, కొత్త సెట్టే కొనడం మేలు.

ఇప్పుడు నట్ సంగతి. అంచుల్లో బ్లేడుతో సన్నగా గీత పెట్టి, పక్కనుంచి చిన్న చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టితే ఊడి వస్తుంది. దాన్నే అటుదిటు తిప్పి అతికిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ అలాగే చేశాను. తీగ మీటితే తంబురాలాగా జుయ్ మంటూ శబ్దం వచ్చింది. గాడులు గిటార్ తలవైపుకి వాలుగా కోసి ఉంటాయి, తిప్పితే ఆ వాలు తిరగబడి తీగ నట్ ముందంచున కాకుండా వెనకంచున ఆనుతుంది. అందుకని కొత్త నట్ కొని, సన్నటి ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీసి గాడి చేసుకోవాలి. లోతు ఎక్కువైతే తీగ మెడ మీది మొదటి ఫ్రెట్‌కి (అడ్డంగా ఉండే లోహపు మెట్టుకి) తగులుతుంది, ఆ నట్ ఇక పనికిరాదు, కాబట్టి తొందరపడొద్దు. చేతకాకపోతే రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, పెద్ద ఖర్చేం కాదు.

ఆ తర్వాత తీగలు బిగించండి. మందపు తీగని ఇదివరకు ఒకటో తీగ ఉన్న చోట, సన్నతీగని ఆరో తీగ చోట. బ్రిడ్జి దగ్గర ముడిలో మందపు తీగలకి ఒక మెలిక చాలు, సన్నటి నైలాన్ తీగలకి రెండు మూడు మెలికలు వేయకపోతే జారిపోతాయి. శ్రుతి చేసుకోవడానికి ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఏదైనా సరే. మందపు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. కొత్త నైలాన్ తీగలు మూడు నాలుగు రోజులు సాగుతూనే ఉంటాయి, గంటకోసారి శ్రుతి పోతుంది. గిటార్ పాడైందని టెన్షన్ పడకండి.

చివరిగా పన్నెండో ఫ్రెట్ పరీక్ష. ఆ ఫ్రెట్ మెట్టుకి సరిగ్గా పైన, తీగని నొక్కకుండా వేలు తాకించి మీటితే గంట మోగినట్టు ఒక స్వరం వస్తుంది. తర్వాత అదే ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాలి. నొక్కినప్పుడు స్వరం బాగా పెరిగితే ఆ తీగ పొడవు చాలట్లేదని అర్థం.

ఆరో మెట్టు: క్లాసులో, వీడియోల ముందు

మాస్టారుకి మొదటిరోజే చెప్పేయండి, నెల తర్వాత కాదు. "మాస్టారూ, నేను ఎడమచేత్తో వాయిస్తాను, మీకు ఎదురుగా కూర్చుంటాను" అనండి. కుడిచేతి మాస్టారు ఎదురుగా కూర్చుంటే ఆయన గిటార్ మెడ మీ కుడివైపుకే వస్తుంది, అంటే మీకు అద్దంలో చూసుకున్నట్టే. కుడిచేతి పిల్లలు ఆయన చెయ్యి చూసి మనసులో తిప్పుకోవాలి, మీకు ఆ బాధ లేదు. యూట్యూబ్ వీడియోలకీ ఇదే వర్తిస్తుంది. వాటిని తిప్పి చూపించే యాప్‌లు పెట్టుకుని నేను ఒక నెల వృథా చేశాను.

గ్రూపు క్లాసులో మాత్రం మీ కుడివైపు ఎవరూ లేని చివరి కుర్చీ పట్టుకోండి. లేకపోతే పక్కవాళ్ల గిటార్ తల, మీ గిటార్ తల పొట్టేళ్లలా ఢీకొంటూ ఉంటాయి.

కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) బొమ్మల దగ్గర మాత్రం తికమక తప్పదు, అవి కుడిచేతివాళ్లకోసం గీసినవి. బొమ్మని బొమ్మగా చూడటం మానేసి నంబర్లుగా చదవండి. తీగ నంబరు, ఫ్రెట్ నంబరు. ఇ మైనర్ అంటే అయిదు-రెండు, నాలుగు-రెండు. డి మేజర్ అంటే మూడు-రెండు, రెండు-మూడు, ఒకటి-రెండు. నంబర్లు ఏ చేతికైనా ఒకటే. ఆరు గీతల మీద అంకెలు వేసి రాసే ట్యాబ్ కూడా అంతే, దాన్ని తిప్పక్కర్లేదు.

ఏడో మెట్టు: మొదటి నలభై రోజులు

మొదటి వారం ఎడమచేతికే. కుడి అరచెయ్యి తీగల మీద మెత్తగా వేసి శబ్దం మూసేసి, ఎడమచేత్తో కిందకీ పైకీ మీటండి. టిక్ టిక్ మని లయ చూపించే మెట్రోనోమ్ నిమిషానికి అరవై మీద పెట్టి, పూటకి పది నిమిషాలు, రోజుకి రెండు పూటలు. విసుగ్గా ఉంటుంది. కానీ పుర్రచేతివాళ్లం కుడిచేతి గిటార్ వదిలి ఇటు వచ్చింది ఈ లయకోసమే కదా.

రెండో వారం ఇ మైనర్. మూడో వారం దానికి జి కలపండి (ఆరు-మూడు, అయిదు-రెండు, ఒకటి-మూడు). ఒక నిమిషంలో ఒకదాన్నుంచి మరోదానికి ఎన్నిసార్లు శుభ్రంగా మారగలరో లెక్కపెట్టి గోడ క్యాలెండర్ మీద రాయండి. ఇరవై దాటేదాకా మూడో కార్డ్ ముట్టుకోవద్దు. తర్వాత సి (అయిదు-మూడు, నాలుగు-రెండు, రెండు-ఒకటి), ఆపైన డి. ఈ నాలుగూ వస్తే పాడటానికి బోలెడు పాటలున్నాయి. వేళ్ల కొసలు రెండు మూడు వారాలు మండుతాయి, గట్టిపడ్డాక తగ్గుతుంది. మణికట్టు నొప్పి పెడితే మాత్రం ఆపేయండి, పట్టు ఎక్కడో తప్పింది.

కుడిచేత్తో వీణగానీ వయొలిన్‌గానీ నేర్చుకునేవాళ్లు కూడా మొదటి వారం బలహీనమైన చెయ్యికే ఇవ్వండి. వయొలిన్ అయితే ఎడమచెయ్యి అసలు కదపకుండా, ఒక్కో తీగ మీద కమాను మొదట్నుంచి కొసదాకా ఎనిమిది లెక్కపెడుతూ లాగడం. వీణ అయితే సారణి, అంటే వాయించే తీగల్లో మొదటిది, ఒక్కటే మీటుతూ, ఆవర్తానికి ఒకసారి తాళపు తీగలు. మా అమ్మాయి ఇది చేస్తున్నప్పుడు కింద వాటాలో ఉండే మామ్మగారు "ఏమ్మా, పాటేమైనా వాయించవా?" అని అడిగేవారు. అయినా సరే, వదలొద్దు.

పది రోజులకోసారి ఫోన్‌తో వీడియో తీసుకోండి. సెల్ఫీ కెమెరాలో మీరు కుడిచేతివాళ్లలా కనిపిస్తారు, కంగారుపడకండి.

ఎనిమిదో మెట్టు: సముద్రం పక్కన తీగలు

ఇది ఏ చేతివాళ్లకైనా ఒకటే కానీ మనకి తీగలు మార్చడం, నట్ చేయించడం అదనపు ఖర్చు కాబట్టి చెబుతున్నాను. బీచ్ రోడ్డు వైపు కిటికీ తెరిచి ఉన్న గదిలో గిటార్ గోడకి తగిలిస్తే స్టీల్ తీగలు నెల తిరక్కుండా తుప్పు పడతాయి. వాయించడం అయ్యాక పొడి కాటన్ గుడ్డతో తీగల పైనా, కిందా తుడవండి. సంచిలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు అందులో వేయండి, రెండు నెలలకోసారి మార్చండి. వర్షాకాలంలో చెక్క ఉబ్బి తీగలు ఫ్రెట్‌ల నుంచి పైకి లేచినట్టు అనిపిస్తే వెంటనే ఎవరికో ఇచ్చి సాడిల్ అరగదీయించకండి. సంక్రాంతి నాటికి గాలి పొడిబారి చెక్క మళ్లీ దిగుతుంది, అప్పుడు చూసుకుని చేయించండి. ఎడమచేతి గిటార్‌కి సాడిల్ చేయించేటప్పుడు పాతది నమూనాగా ఇవ్వడం మరవకండి, లేకపోతే అలవాటుకొద్దీ కుడిచేతి వాలుతోనే చేసి ఇస్తారు. నాకు రెండుసార్లు అలాగే జరిగింది.